గుండె యంత్రానికి క్రిమి పడితే... గుర్తుపట్టడమే గండం

మామూలు జ్వరమని సూదిమందు వేస్తే అసలు జబ్బు దాక్కుంటుంది

గుండె కొట్టుకోవడం మందగించిన వారికి పేస్‌మేకర్ అమర్చుతున్నారు. వాల్వు పాడైన వారికి కృత్రిమ వాల్వు వేస్తున్నారు. ఒకప్పుడు మద్రాసో, బొంబాయో వెళితే తప్ప జరగని ఈ ఆపరేషన్లు ఇప్పుడు మన నగరాల్లోనే జరుగుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలీనాలీ చేసుకునే కుటుంబాలకు కూడా ఇవి అందాయి. రొమ్ము మీద నిలువు గాటు ఉన్నవారు, మెడ ఎముక కింద చిన్న ఉబ్బు ఉన్నవారు ఇప్పుడు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు.

వీరికి జ్వరం వస్తే అది మామూలు జ్వరమే కావచ్చు. కాకపోనూ వచ్చు. గుండెలో పెట్టిన వస్తువుకే క్రిములు పట్టి ఉండవచ్చు. అదే జరిగితే ప్రాణానికి ముప్పు. పైగా ఈ జబ్బు అంత సులువుగా పట్టుబడదు. నెలల తరబడి మలేరియా అనీ, టైఫాయిడ్ అనీ, క్షయ అనీ మందులు మింగుతూనే మంచాన పడేవారున్నారు. జబ్బు ఏమిటో తేలేసరికి గుండె దెబ్బతిని పోతుంది.

ఎంతమందికి వస్తుంది?

భయపడేంత ఎక్కువ మందికి రాదు. కొత్తగా పేస్‌మేకర్ పెట్టించుకున్న నూరు మందిలో ఒకరికి అటూ ఇటుగా వస్తుంది. బ్యాటరీ అయిపోయి యంత్రం మార్చినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. గుండె ఆగిపోతే షాక్ ఇచ్చి మళ్లీ కొట్టించే పెద్ద యంత్రాలకు, మూడు తీగలుండే యంత్రాలకు ఇంకొంచెం ఎక్కువ. కృత్రిమ వాల్వు ఉన్నవారికి ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ప్రమాదం ఎక్కువ. ఆ తరువాత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. వాల్వు ఉన్నంత కాలం జాగ్రత్త తప్పదు.

మధుమేహం ఉన్నవారికి, మూత్రపిండాలు చెడి డయాలసిస్ చేయించుకుంటున్నవారికి, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి ముప్పు మరింత ఎక్కువ.

రాతి మీద పాకుడు లాగా

క్రిములు శరీరంలో ప్రవేశించినప్పుడు రక్తంలోని తెల్లకణాలు వాటిని చుట్టుముట్టి చంపుతాయి. మందులు కూడా రక్తంతోపాటు వెళ్లి పని చేస్తాయి. కాని లోహానికీ, ప్లాస్టిక్కుకూ రక్తనాళాలు లేవు. అక్కడ చేరిన క్రిమికి కాపలా వాడి బెడద లేదు.

మన ఒంటి చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టాఫిలోకాకస్ జాతి క్రిములే ఇందులో ప్రధాన ముద్దాయిలు. చర్మం మీద ఉన్నంతకాలం వాటివల్ల హాని లేదు. ఆపరేషన్ సమయంలో ఏ కొన్ని క్రిములో యంత్రం మీద పడితే చాలు, గట్టిగా అతుక్కుంటాయి. తమ చుట్టూ జిగురులాంటి పొర అల్లుకుంటాయి. చెరువు మెట్ల మీద పాకుడు పట్టినట్టే ఇదీను. పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా పాకుడు పోదు. గీకితేనే పోతుంది. ఈ జిగురు పొరలో దాగిన క్రిములను మందులు పూర్తిగా చంపలేవు.

అవి మెల్లగా పెరుగుతాయి. అప్పుడప్పుడు కొన్ని మాత్రమే రక్తంలోకి జారుతాయి. అందుకే జ్వరం ఒక రోజు ఉంటుంది, రెండు రోజులు ఉండదు. రోగి కోలుకున్నాననుకుంటాడు. మళ్లీ వస్తుంది. ఆపరేషన్ అయిన నెలకు రావచ్చు. ఏడాదికి, రెండేళ్లకు కూడా రావచ్చు. అన్నాళ్ల కిందటి ఆపరేషన్‌కూ ఈ జ్వరానికీ సంబంధం ఉంటుందని ఇంట్లోవారికి తట్టదు.

పైకి కనిపించేది, కనిపించనిది

పేస్‌మేకర్ పెట్టెను మెడ ఎముక కింద చర్మంలో సంచిలాగా చేసి అమర్చుతారు. అక్కడినుంచి తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళతాయి. క్రిములు పెట్టె దగ్గర చేరితే ఆ చోట చర్మం ఎర్రబడుతుంది, వేడిగా ఉంటుంది, వాస్తుంది, నొప్పి పుడుతుంది. ఒక్కోసారి ఇవేవీ గట్టిగా ఉండవు. జ్వరం కూడా ఉండదు. చర్మం పలచబడి, నిగనిగలాడుతూ యంత్రానికి అంటుకుపోయినట్టు కనిపిస్తుంది. చర్మం చీలి లోహం బయటపడిందంటే చీము లేకపోయినా క్రిములు చేరినట్టే లెక్క.

క్రిములు తీగల మీదకో, వాల్వు మీదకో చేరితే పైకి ఏమీ కనిపించదు. విడిచి విడిచి జ్వరం, చలి, రాత్రిపూట చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, నీరసం ఇవే గుర్తులు. తీగల మీద పెరిగిన ముద్దలు తెగి ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోతే దగ్గు, ఆయాసం వస్తాయి. ఎక్స్‌రేలో మచ్చలు పడతాయి. నిమోనియా అనుకోవచ్చు. క్షయ అనీ అనుకోవచ్చు. గుండె ఎడమ వైపు వాల్వు మీది ముద్దలు తెగితే మెదడుకు వెళ్లి పక్షవాతం తెప్పించగలవు. వెన్నుపూసలో చేరి నడుం నొప్పిగా బయటపడిన సందర్భాలూ ఉన్నాయి.

తొందరపడి వేసే సూదిమందు

ఈ జబ్బును పట్టుకోవడానికి మొదటి సాధనం రక్తపు కల్చర్ పరీక్ష. రక్తాన్ని ప్రత్యేకమైన సీసాల్లోకి తీసి, ఒంటి వేడిమిలో ఉంచి, క్రిములు పెరుగుతాయేమో చూస్తారు. మామూలుగా ఐదు రోజులు చూస్తారు. ఒక్కసారి తీస్తే చాలదు. వేర్వేరు చోట్ల పొడిచి రెండు మూడు సార్లు తీస్తారు. ఎందుకంటే చర్మం మీద ఉండే క్రిమి సూదితోపాటు సీసాలో పడి తప్పుదారి పట్టించవచ్చు. ఒక్క సీసాలో కనిపిస్తే అనుమానమే. అన్ని సీసాల్లోనూ అదే క్రిమి పెరిగితే సాక్ష్యం గట్టిదవుతుంది.

పల్లెల్లో చిక్కు ఇక్కడే వస్తోంది. జ్వరం రాగానే ఊళ్లో వైద్యుడి దగ్గరకు వెళ్లి యాంటీబయాటిక్ సూదిమందు వేయించుకోవడం అలవాటు. ఆ మందుకు రక్తంలో తిరుగుతున్న క్రిములు చస్తాయి. జ్వరం దిగుతుంది. యంత్రం మీద పొరలో దాగినవి మాత్రం అలాగే ఉంటాయి. మందు ఆగిన కొద్ది రోజులకు జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళితే కల్చర్‌లో ఏమీ పెరగదు. క్రిమి పేరు తెలియదు. ఏ మందుకు లొంగుతుందో తెలియదు. డాక్టర్లు చీకట్లో తడుముకోవలసి వస్తుంది. కల్చర్‌లో ఏమీ పెరగకపోవడానికి ముందే వాడిన యాంటీబయాటిక్‌లే ముఖ్యమైన కారణమని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది.

యంత్రం పెట్టిన చోట వాపు కనిపిస్తే కొందరు సూదితో గుచ్చి నీరు లాగేస్తారు. అది మరీ ప్రమాదం. క్రిములు లేని చోటికి ఆ సూదే క్రిములను చేరవేయగలదు. ఈ పని చేయరాదని వైద్య సంఘాల మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

గొట్టం మింగించి చూస్తారు

రెండో సాధనం గుండె స్కానింగ్. ఎకో పరీక్ష అంటారు. రొమ్ము మీద పెట్టి చూసే మామూలు ఎకోలో చిన్న ముద్దలు కనిపించకపోవచ్చు. లోహపు వాల్వు తన నీడతో వెనక ఉన్నదాన్ని కప్పేస్తుంది. అందుకని సన్నని గొట్టం మింగించి, అన్నవాహికలోనుంచి గుండెను వెనకవైపు చూస్తారు. అన్నవాహిక గుండెకు ఆనుకునే ఉంటుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా వస్తుంది.

ఇందులోనూ తికమక లేకపోలేదు. తీగలను అంటుకుని మామూలు రక్తపు గడ్డలు కూడా ఉంటాయి. క్రిముల ముద్ద ఏదో, ఉత్త గడ్డ ఏదో చూపుతో చెప్పడం కష్టం. ఏమీ కనిపించనంత మాత్రాన జబ్బు లేదనీ చెప్పలేరు. అందుకే అనుమానం బలంగా ఉంటే వారం తిరక్కుండానే మళ్లీ చూస్తారు.

ఒక్క పరీక్షతో తేలదు కాబట్టి అన్ని సాక్ష్యాలూ కలిపి చూసే పద్ధతి ఒకటి వచ్చింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు 1994లో దీన్ని రూపొందించారు. పెద్ద సాక్ష్యాలు ఇన్ని, చిన్న సాక్ష్యాలు ఇన్ని ఉంటే జబ్బు ఉన్నట్టు అని లెక్క. 2000లో దీన్ని సవరించారు. 2023లో మళ్లీ సవరించి కొత్త స్కానింగులకూ చోటిచ్చారు.

చక్కెర ఎర

ఆ కొత్త స్కానింగుల్లో ముఖ్యమైనది పెట్-సీటీ. క్యాన్సర్ రోగులకు చేసేది ఇదే. చక్కెరను పోలిన పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత కలిపి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఆ రేడియోధార్మికత 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. క్రిములతో పోరాడే కణాలకు ఆకలి ఎక్కువ. అవి చక్కెర అనుకుని దీన్ని బాగా పీల్చుకుంటాయి. ఆ చోటు బొమ్మలో నిప్పుకణికలా వెలుగుతుంది.

గుండె కండరం కూడా చక్కెర వాడుకుంటుంది. అది వెలిగితే పక్కనున్నది కనిపించదు. అందుకని ముందు రోజు అన్నం, రొట్టె, పండ్లు, తీపి మాన్పించి కొవ్వు పదార్థాలు తినిపిస్తారు. తరువాత పస్తు ఉంచుతారు. గుండె కండరం కొవ్వుకు అలవాటుపడి చక్కెరను ముట్టదు. ఆసుపత్రిలో చెప్పిన పథ్యం తప్పి ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీ తింటే వేల రూపాయల పరీక్ష వృథా అవుతుంది.

పెట్టె చుట్టూ చేరిన క్రిములను ఇది బాగా పట్టిస్తుంది. సన్నని తీగల మీది చిన్న ముద్దలను అంత బాగా పట్టించలేదు. ఆపరేషన్ అయిన కొత్తలో మానుతున్న గాయం కూడా వెలుగుతుంది కాబట్టి అప్పుడు దీన్ని నమ్మడం కష్టం. రోగి తెల్లకణాలనే బయటకు తీసి, గుర్తు పెట్టి, తిరిగి ఎక్కించి అవి ఎక్కడికి చేరుతున్నాయో చూసే పరీక్ష కూడా ఉంది.

జ్యూరిచ్‌లో దొరికిన దొంగ

ఈ జబ్బు ఎంత తెలివిగా దాక్కుంటుందో స్విట్జర్లాండ్ అనుభవం చెబుతుంది. జ్యూరిచ్ నగరంలో గుండె ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ల తరువాత జబ్బు చేసింది. జ్వరం, నీరసం, బరువు తగ్గడం. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇలాంటి రోగులను ఒంట్లో గడ్డలు కట్టే సార్కాయిడ్ జబ్బుగా పొరబడిన సందర్భాలున్నాయి. ఆ జబ్బుకు ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అంటే క్రిమికి మేలు చేస్తాయి.

చివరకు దొరికిన క్రిమి పేరు మైకోబాక్టీరియం కిమేరా. క్షయ క్రిమికి దాయాది. 2004లోనే దీన్ని విడిగా గుర్తించారు. ఇది నీళ్లలో ఉంటుంది. క్షయ క్రిముల కోసం వాడే ప్రత్యేక సీసాల్లో వేసి వారాల తరబడి ఆగితే గాని పెరగదు. మొదటి ఇద్దరు రోగుల సంగతి 2013లో వైద్య పత్రికలో వచ్చింది. 2015 నాటికి ఆరుగురు తేలారు.

ఈ ఆరుగురికీ క్రిమి ఎక్కడినుంచి వచ్చింది? గుండె ఆపరేషన్ చేసేటప్పుడు రక్తాన్ని వెచ్చబరచడానికి, చల్లబరచడానికి నీళ్లతో నడిచే ఒక యంత్రం వాడతారు. ఆ నీళ్లు రోగి రక్తంలో కలవవు. అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. పరీక్షించి చూస్తే ఆ నీళ్లలో అదే క్రిమి ఉంది. యంత్రం నడుస్తున్నప్పుడు దాని ఫ్యాను గాలిలోకి సన్నని తుంపర విసురుతోంది. ఆ గాలిలోనూ అదే క్రిమి. తెరిచిన రొమ్ములో, కొత్తగా పెట్టిన వాల్వు మీద అది వాలింది.

తరువాత యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల్లోనూ ఇలాంటి రోగులు బయటపడ్డారు. వందకు పైగా కేసులు తేలాయి. 2016లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆసుపత్రులను, రోగులను హెచ్చరించింది. క్రిముల జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు, చాలా చోట్ల యంత్రాలు తయారీ కేంద్రంలోనే కలుషితమయ్యాయని 2017లో తేల్చారు. కొందరు రోగుల్లో కంటి వెనక పొరమీద చిన్న మచ్చలు కనిపించాయి. గుండె జబ్బు జాడను కంటి డాక్టర్లు చూపగలిగారు.

మేకల కొట్టం నుంచి

పశువులున్న పల్లెలకు ఇంకా దగ్గరి సంగతి నెదర్లాండ్స్‌లో జరిగింది. 2007 నుంచి 2010 వరకు అక్కడ నాలుగు వేల మందికి పైగా క్యూ జ్వరం వచ్చింది. మేకల పెంపకం ఎక్కువగా ఉన్న బ్రబాంట్ ప్రాంతంలో మొదలైంది. మందల్లో చూడి మేకలు ఈసుకుపోయాయి. ఆ మాయలో, ఉమ్మనీటిలో లెక్కలేనన్ని క్రిములు ఉంటాయి. ఎండి దుమ్ములో కలిసి గాలిలో కిలోమీటర్ల దూరం పోతాయి. మేకను ముట్టనివారికీ జబ్బు అంటింది. చివరకు అక్కడి ప్రభుత్వం సుమారు 50 వేల చూడి జంతువులను చంపించింది. మేకలకు టీకాలు తప్పనిసరి చేసింది.

ఈ జ్వరాన్ని మొదట 1937లో ఆస్ట్రేలియాలో కబేళా పనివారిలో గుర్తించారు. కారణం తెలియక క్యూ జ్వరమన్నారు. క్యూ అంటే క్వెరీ, ప్రశ్న. చాలామందికి జలుబు జ్వరంలా వచ్చి పోతుంది. కృత్రిమ వాల్వు ఉన్నవారిలో మాత్రం క్రిమి ఆ వాల్వును పట్టుకుని నెలల తరువాత, ఏళ్ల తరువాత బయటపడుతుంది. మామూలు కల్చర్‌లో ఇది ఎన్నటికీ పెరగదు. రక్తంలో దానికి విరుగుడుగా పుట్టే పదార్థాలను కొలిచే పరీక్ష వేరే ఉంది. డాక్టరుకు అనుమానం వస్తేనే ఆ పరీక్ష రాస్తారు. వాల్వుకు పట్టిన క్యూ జ్వరానికి ఏడాదిన్నర, రెండేళ్లు మందులు వాడాలి.

భారతదేశంలోని పశువుల్లోనూ ఈ క్రిమి ఉన్నట్టు నమోదైంది. పచ్చిపాల ద్వారా, ఈసుకుపోయిన పశువుల ద్వారా వచ్చే బ్రూసెల్లా జ్వరం కూడా ఇలాగే వాల్వుకు పట్టగలదు. అందువల్ల గొర్రెలు, మేకలు, గేదెలు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తామే చెప్పడం మంచిది. పట్నం డాక్టరు అడగకపోవచ్చు.

తీసేయక తప్పదు

పేస్‌మేకర్‌కు క్రిములు పట్టాయని తేలితే మందులతో మాత్రమే నయం కావడం అరుదు. పెట్టెనూ తీగలనూ మొత్తం తీసేయాలి. పెట్టె తీసి తీగలు వదిలేస్తే జబ్బు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న తీగలు రక్తనాళానికి అతుక్కుపోతాయి. వాటిని విడదీయడం అనుభవజ్ఞుల పని. అందుకు తగిన కేంద్రానికే వెళ్లాలి. తీసిన యంత్రాన్ని నీటిలో ఉంచి ధ్వని తరంగాలతో కుదిపి, జిగురు పొరను రాల్చి, అందులోని క్రిమిని గుర్తిస్తారు. రక్తంలో క్రిములు లేవని తేలాక కొత్త యంత్రాన్ని రెండో వైపు పెడతారు. కొందరికి మళ్లీ యంత్రం అవసరమే లేదని తేలుతుంది.

వాల్వు విషయం వేరు. కొందరికి ఆరు వారాలకు తగ్గకుండా రక్తనాళం ద్వారా మందులు ఇస్తే సరిపోతుంది. కొందరికి మళ్లీ ఆపరేషన్ చేసి వాల్వు మార్చాలి.

ఇంత ప్రమాదం ఉంటే యంత్రం పెట్టించుకోవడమే మానేద్దామనుకోవడం పొరపాటు. ప్రపంచంలో మొదటిసారి 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే వ్యక్తికి పేస్‌మేకర్‌ను ఒంట్లో అమర్చారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. మొదటి యంత్రం కొన్ని గంటలే పని చేసింది. ఆయన జీవితంలో మొత్తం 26 యంత్రాలు మార్చారు. యంత్రం తయారు చేసిన ఇంజనీరు కంటే, అమర్చిన సర్జన్ కంటే ఎక్కువ కాలం జీవించి, 86వ ఏట 2001లో కన్నుమూశారు.

రాకుండా చూసుకోవడం

ఆపరేషన్‌కు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల ముప్పు బాగా తగ్గుతుంది. యంత్రం చుట్టూ రక్తం గడ్డకడితే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని కెనడా వైద్యుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2016లో చెప్పింది. మందు పూసిన వల సంచిలో యంత్రాన్ని ఉంచి అమర్చే పద్ధతిని దాదాపు ఏడు వేల మందిపై పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద ఇన్‌ఫెక్షన్లు నూటికి 1.2 నుంచి 0.7కు తగ్గాయి. తీగలు లేకుండా గుండెలోనే ఇమిడిపోయే మాత్రంత పేస్‌మేకర్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. చర్మం కింద సంచి ఉండదు గనుక క్రిముల బెడద చాలా తక్కువ. అయితే ఖరీదు ఎక్కువ. అందరికీ పనికిరాదు.

గుర్తుంచుకోవలసినవి

1. పేస్‌మేకర్ కార్డును, వాల్వు ఆపరేషన్ కాగితాలను జాగ్రత్త చేయండి. జ్వరానికి వెళ్లినా వాటిని చూపించండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మొదటి మాటగా యంత్రం సంగతి చెప్పండి.

2. రెండు మూడు రోజులకు తగ్గని జ్వరం, తగ్గి మళ్లీ వచ్చే జ్వరం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తపు కల్చర్‌కు ఇవ్వండి. రోగి బాగా నీరసించి, ఆయాసపడుతుంటే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. అక్కడ రక్తం తీసిన మరుక్షణమే మందు ఇస్తారు.

3. యంత్రం పెట్టిన చోట ఎరుపు, వాపు, నీరు కారడం, చర్మం పలచబడడం కనిపిస్తే పసుపు అద్దడం, కాపడం పెట్టడం, గుచ్చి తీయించడం చేయవద్దు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.

4. రోజూ పళ్లు శుభ్రంగా తోముకోండి. చిగుళ్లనుంచి క్రిములు రక్తంలోకి వెళ్లి వాల్వుకు పట్టగలవు. కృత్రిమ వాల్వు ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు గుండె డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ వేసుకోవాలి. పేస్‌మేకర్ మాత్రమే ఉన్నవారికి ఇది అవసరం లేదు.

5. పాలు కాచి తాగండి. పశువు ఈసుకుపోయినప్పుడు వాల్వు ఉన్నవారిని ఆ మాయను ఎత్తే పనికి పంపవద్దు.

6. రక్తం పలచబడే మాత్రలను సొంతంగా మానవద్దు. ఆపరేషన్ సమయంలో వాటిని ఆపాలో కొనసాగించాలో డాక్టరే చెప్పాలి.